శాటిలైట్ ఇంటర్నెట్: తప్పు ఏ అంచెలో ఉందో పట్టుకోవడం ఎలా

నెట్ ఆగగానే డాబా ఎక్కి డిష్‌ను అటూ ఇటూ కదిపి చూడటం చాలామందికి అలవాటు. డీటీహెచ్ రోజుల నుంచి వచ్చిన అలవాటది. ఇంటర్నెట్ డిష్ విషయంలో దానంత చెడ్డ పని లేదు. 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహానికి గురిపెట్టిన డిష్ ఇక్కడ ఒక్క డిగ్రీ జరిగితే, అక్కడ ఆకాశంలో ఆ తేడా 630 కిలోమీటర్లు. ఇంట్లో రౌటర్ మొరాయించినందుకు డిష్ గురి చెడగొట్టుకుంటే ఒక తప్పు కాస్తా రెండవుతుంది. రెండోదాన్ని సరిచేయడానికి మీటర్ పట్టుకుని టెక్నీషియన్ రావాల్సిందే.

కాబట్టి డిష్ జోలికి వెళ్లేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మీ డేటా ఎక్కడిదాకా బాగా వెళ్తోంది, ఎక్కడ ఆగుతోంది? ఐపీ చిరునామా, లేటెన్సీ, డీఎన్ఎస్, నాట్ లాంటి మాటలన్నీ ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే అర్థమవుతాయి.

దారిలో నాలుగు అంచెలు

ఫోన్‌లో ఒక పేజీ నొక్కితే అది నాలుగు చేతులు మారుతుంది. మొదటి అంచె ఫోన్ నుంచి రౌటర్ దాకా. ఇది వైఫై, లేదా ఈథర్‌నెట్ కేబుల్. రెండోది రౌటర్ నుంచి డిష్ దాకా. మధ్యలో మోడెమ్ ఉండొచ్చు, కేబుల్ తప్పకుండా ఉంటుంది. మూడోది డిష్ నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి కిందికి దిగి కంపెనీ గేట్‌వే అనే భూకేంద్రానికి. నాలుగోది గేట్‌వే నుంచి మామూలు ఫైబర్ మీదుగా గూగుల్, యూట్యూబ్, మీ ఆఫీసు సర్వర్ల దాకా.

మూడో అంచె గురించి చాలామందికి ఒక అపోహ ఉంటుంది. సమాచారం ఉపగ్రహంలోనే తయారై నేరుగా మన మీద పడుతుందనుకుంటారు. నిజానికి గేట్‌వే ఎక్కడ ఉందో ఇంటర్నెట్ దృష్టిలో మీరూ అక్కడే ఉన్నట్టు. అరకులో కూర్చుని వాడుతున్నా, గేట్‌వే వేరే రాష్ట్రంలో ఉంటే వెబ్‌సైట్లు మిమ్మల్ని ఆ ఊరి మనిషిగానే లెక్కగడతాయి. వాతావరణం యాప్ వేరే నగరం చూపిస్తే ఫోన్ పాడైందని కంగారుపడొద్దు.

ముందు మీ ఉపగ్రహం ఏ ఎత్తులో ఉందో తెలుసుకోండి

ఇది తెలియకుండా ఏ పరీక్ష చేసినా ఫలితం మంచిదో చెడ్డదో చెప్పలేం.

భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మన దేశంలో బ్యాంకు శాఖలు, ఏటీఎంలు, మారుమూల ఆఫీసులు వాడే వీశాట్‌లు (చిన్న డిష్‌తో నడిచే ఉపగ్రహ కనెక్షన్లు) ఎక్కువగా ఈ రకమే. ఇస్రో 2018 డిసెంబరు 5న పంపిన జీశాట్-11 ఈ కోవలోనిదే. భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి డిష్ ఒకసారి బిగిస్తే కదలనక్కర్లేదు. కానీ దూరం దూరమే. రేడియో తరంగం కాంతి వేగంతో, అంటే సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. మీ ప్రశ్న పైకెక్కి దిగాలి, జవాబు మళ్లీ పైకెక్కి దిగాలి. నాలుగుసార్లు 35,786 కలిపితే లక్షా 43 వేల కిలోమీటర్లు. కాంతికే 477 మిల్లీసెకన్లు పడుతుంది. మోడెమ్, గేట్‌వే తమ పని చేసుకునే సమయం కలిపితే 600 నుంచి 700 వరకు వస్తుంది. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఈ అంకె తగ్గదు.

స్టార్‌లింక్ లాంటివి 550 కిలోమీటర్ల ప్రాంతంలో, వన్‌వెబ్ 1,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. ఇవి కింది కక్ష్య ఉపగ్రహాలు. 550 కిలోమీటర్ల దగ్గర నాలుగు ప్రయాణాలకు కాంతికి పట్టేది ఏడెనిమిది మిల్లీసెకన్లే. వాడుకలో 25 నుంచి 60 మధ్య కనిపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఈ ఉపగ్రహాలు నెత్తిమీద నుంచి నిమిషాల్లో దాటిపోతాయి. అందుకని డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉండాలి. స్టార్‌లింక్‌లో ఈ కేటాయింపు ప్రతి 15 సెకన్లకోసారి మారుతుంది. పింగ్, అంటే ఆలస్యం కొలిచే పరీక్షలో అంకెలు ఒకసారి 30, ఒకసారి 48 అని గంతులేయడానికి ఇదో కారణం. అది జబ్బు కాదు.

వేగం వేరు, ఆలస్యం వేరు

సాగర్ ఎడమ కాలువను తలుచుకోండి. కాలువ ఎంత వెడల్పో అది బ్యాండ్‌విడ్త్. తూము ఎత్తాక మొదటి నీరు చివరి ఆయకట్టు చేరడానికి పట్టే కాలం లేటెన్సీ. ఆ కాలం ఒక్కోరోజు ఒక్కోలా ఉంటే జిట్టర్. దారిలో గండిపడి పోయిన నీరు ప్యాకెట్ లాస్. సినిమా చూడటానికి వెడల్పు కావాలి. వాట్సాప్ కాల్‌కు, ఆన్‌లైన్ క్లాసుకు వెడల్పు పెద్దగా అక్కర్లేదు. ఆలస్యం, జిట్టర్ తక్కువుండాలి. స్పీడ్ టెస్ట్‌లో 100 వచ్చి కూడా కాల్ తెగిపోతోందంటే కారణం ఇక్కడే ఉంటుంది.

ఒక లెక్క గుర్తుంచుకుంటే మోసపోయామనే బాధ తప్పుతుంది. కంపెనీలు చెప్పేది ఎంబీపీఎస్, అంటే సెకనుకు మెగాబిట్లు. డౌన్‌లోడ్ విండో చూపించేది మెగాబైట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లే.

చిరునామాలు చూడటం

విండోస్‌లో స్టార్ట్ నొక్కి సి-ఎం-డి అని కొడితే నల్ల తెర వస్తుంది. అందులో ఐ-పి-సి-ఓ-ఎన్-ఎఫ్-ఐ-జి అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్నది మీ కంప్యూటర్ చిరునామా, డిఫాల్ట్ గేట్‌వే అన్నది మీ రౌటర్ చిరునామా. ఇక్కడి గేట్‌వే వేరు, పైన చెప్పిన భూకేంద్రం వేరు. పేరు ఒకటే అయ్యేసరికి తికమక. ఫోన్‌లో అయితే వైఫై సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే ఇవే కనిపిస్తాయి.

కంప్యూటర్ చిరునామా 192.168తో, 10తో, లేదా 172.16 నుంచి 172.31 వరకు ఉన్న అంకెలతో మొదలైతే అది ఇంటి లోపలి చిరునామా. రౌటర్ మీకు సరిగ్గానే ఇచ్చిందన్నమాట. 169.254తో మొదలైతే మాత్రం రౌటర్ నుంచి ఏ జవాబూ రాక కంప్యూటర్ తనకు తానే ఒక అంకె పెట్టుకుంది. అప్పుడు తప్పు మొదటి అంచెలోనే. ఉపగ్రహం గురించి ఆలోచించడం అనవసరం. వైఫై తీసి మళ్లీ కలపండి, రౌటర్ ఆపి అర నిమిషం ఆగి ఆన్ చేయండి.

అసలు పరీక్ష: దగ్గర నుంచి దూరానికి పింగ్

పింగ్ అంటే పిలుపు. ఒక చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చెబుతుంది. విండోస్‌లో ఉత్తగా పింగ్ కొడితే నాలుగుసార్లు పిలిచి ఆగిపోతుంది. శాటిలైట్ మీద నాలుగు పిలుపులు దేనికీ చాలవు. పి-ఐ-ఎన్-జి అని కొట్టి, ఖాళీ వదిలి, చిరునామా రాసి, మళ్లీ ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ఎన్ అక్షరం, ఖాళీ, 300 అని కొట్టండి. అయిదు నిమిషాలు నడుస్తుంది. మ్యాక్, లినక్స్‌లలో ఎన్ బదులు సి. ఫోన్‌లోనే చేయాలంటే ఫింగ్ లాంటి ఉచిత యాప్ చాలు. పరీక్ష జరుగుతున్నంతసేపు ఇంట్లో ఎవరూ వీడియోలు చూడకుండా ఉండాలి. ఇదే కష్టమైన భాగం.

మొదటి పిలుపు రౌటర్‌కు. స్టార్‌లింక్ సొంత రౌటర్ చిరునామా 192.168.1.1, మిగతావాటికి ఇందాక చూసిన డిఫాల్ట్ గేట్‌వే అంకె. కేబుల్ మీద ఒక మిల్లీసెకను లోపు, వైఫై మీద రెండు నుంచి పది మధ్య రావాలి. ఇక్కడే 50, 200 అని కొడుతున్నా, కొన్ని జవాబులు రాకపోయినా ఆగండి. మిగతా పరీక్షలు చేసి లాభం లేదు. తప్పు మీ ఇంటి వైఫైలో ఉంది.

రెండో పిలుపు డిష్‌కు లేదా మోడెమ్‌కు. స్టార్‌లింక్ డిష్ 192.168.100.1 దగ్గర జవాబిస్తుంది. వయాశాట్ మోడెమ్ పేజీ కూడా ఆ అంకె మీదే తెరుచుకుంటుంది. చాలా హ్యూస్ మోడెమ్‌లలో 192.168.0.1. రౌటర్ పలికి ఇది పలకకపోతే మధ్యలో ఉన్న కేబుల్, దాని కనెక్టర్లు, పవర్ సప్లై చూడాలి. ఒక మినహాయింపు ఉంది. స్టార్‌లింక్ రౌటర్‌ను బైపాస్ మోడ్‌లో పెట్టి సొంత రౌటర్ వాడుతుంటే, ఆ రౌటర్‌కు 192.168.100.1కి దారి తెలియకపోవచ్చు. రౌటర్ సెట్టింగుల్లో ఆ ఒక్క చిరునామాకు వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టు మీదుగా స్టాటిక్ రూట్, అంటే మారని దారి, పెడితే పలుకుతుంది.

మూడో పిలుపు గూగుల్ సర్వర్ 8.8.8.8కి లేదా క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్ 1.1.1.1కి. ఉపగ్రహం దాటి బయటికి వెళ్లే పిలుపు ఇదే. కింది కక్ష్య అయితే 25–60, భూస్థిర కక్ష్య అయితే 600–700 రావాలి. 300లో ఒకటి రెండు పోతే వదిలేయండి. పది దాటితే కారణం వెతకాలి. ఎన్ని పోయాయన్న దానికన్నా ఎలా పోయాయన్నది ముఖ్యం. రెండు నుంచి పది సెకన్ల పాటు వరుసగా పోయి, మళ్లీ బాగుండి, మళ్లీ గుంపుగా పోతుంటే కింది కక్ష్య డిష్‌కు ఆకాశంలో ఏదో అడ్డుంది. అక్కడొకటి ఇక్కడొకటి చెదురుమదురుగా పోతుంటే వైఫై మీద అనుమానం పెట్టుకుని అదే పరీక్ష కేబుల్ మీద చేయండి. ఒకటీ పోకుండా అంకె మాత్రం 40 నుంచి 400కి ఎగబాకితే ఎవరో అప్‌లోడ్ చేస్తున్నారు. దాని సంగతి కింద వస్తుంది.

నాలుగో పిలుపు పేరుతో. గూగుల్ వెబ్ చిరునామా అక్షరాల్లో కొట్టి చూడండి. 8.8.8.8 పలికి, పేరు మాత్రం దొరకలేదంటే లైను బాగుంది, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ బాగాలేదు.

ఇవన్నీ అయ్యాక దారి మొత్తం చూడాలనిపిస్తే టి-ఆర్-ఏ-సి-ఇ-ఆర్-టి కొట్టి 8.8.8.8 ఇవ్వండి. మధ్యలో ఒక్కో మజిలీ వరుసగా కనిపిస్తుంది. భూస్థిర లైనులో మొదటి ఒకటి రెండు వరుసలు 1, 2 అని ఉండి, ఒక్కసారిగా 600కి దూకుతుంది. ఆ దూకుడే ఉపగ్రహం. నడుమ కొన్ని వరుసల్లో నక్షత్రం (*) గుర్తులొస్తే భయపడొద్దు. కొన్ని రౌటర్లు పిలుపులకు జవాబివ్వవు, ప్యాకెట్లను మాత్రం ముందుకు పంపుతాయి. చివరి వరుస బాగుంటే అన్నీ బాగున్నట్టే.

నెట్ బాగున్న రోజే, ఎండ కాస్తున్న సమయంలో ఈ నాలుగు అంకెలు, మోడెమ్ పేజీలో సిగ్నల్ అంకె ఒక కాగితం మీద రాసి రౌటర్ వెనక అంటించండి. బాగున్నప్పటి అంకె తెలియకపోతే చెడ్డప్పుడు పోల్చడానికి ఏమీ ఉండదు. ఈ ఒక్క పని చేసినవారు చాలా తక్కువ.

ఇంట్లో వైఫై, కేబుల్

రౌటర్‌ను టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో పెట్టి మేడ మీద సిగ్నల్ రావడం లేదనడం సబబు కాదు. ఆర్‌సీసీ స్లాబు, అందులోని ఇనుము వైఫైని మింగేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది కానీ ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అందులోనే ఉంటాయి. 2.4లో 1, 6, 11 ఛానెళ్లు మాత్రమే ఒకదాని మీద ఒకటి పడవు. వాటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మేడకూ కిందికీ కావాలంటే రెండో యాక్సెస్ పాయింట్‌కు (వైఫై పంచే పెట్టెకు) కేబుల్ లాగడం, వైఫై మీదే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మెష్ పెట్టెలు పెట్టడం కన్నా ఎప్పుడూ మేలు.

ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. డిష్‌కు కరెంటు కూడా అదే తీగలో వెళ్లేటప్పుడు అంత దూరం నమ్మొద్దు. కంపెనీ చెప్పిన పొడవు దాటొద్దు. బజారులో చవగ్గా దొరికే కేబుళ్లలో చాలావాటిలో అల్యూమినియం తీగ మీద రాగి పూత ఉంటుంది. డేటా వెళ్తుంది, వోల్టేజీ మాత్రం దారిలోనే పడిపోతుంది. డిష్ పగలు బాగుండి, ఎక్కువ కరెంటు లాగే సమయంలో తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే మొదట ఈ తీగనే అనుమానించండి. అచ్చమైన రాగి క్యాట్-6 కొనండి.

వీశాట్‌లో మోడెమ్ నుంచి డిష్‌కు ఆర్‌జీ-6 కోయాక్స్ వెళ్తుంది. చివర ఎఫ్ కనెక్టర్‌లోకి నీరు దిగడం సర్వసాధారణమైన జబ్బు. కేబుల్‌ను కనెక్టర్‌కు నేరుగా తేకుండా కింద ఒక వంపు వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది. పైన, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్క ఎండాకాలంలో ఊడిపోతుంది. ఈ కేబుల్‌లోనూ కరెంటు ఉంటుంది కాబట్టి మోడెమ్ ఆపకుండా కనెక్టర్ విప్పొద్దు. మోడెమ్ నడుస్తుండగా డిష్ ముఖానికీ ముందు చేయిలాంటి భాగానికీ మధ్య తల పెట్టొద్దు. టీవీ డిష్ కేవలం వింటుంది, ఇది ప్రసారం కూడా చేస్తుంది.

ఆకాశం: చెట్టు, వాన, సూర్యుడు

హైదరాబాద్ నుంచి 74 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-11ను చూడాలంటే దాదాపు నేరుగా దక్షిణం వైపు, కొంచెం పడమరకు ఒరిగి, నేల నుంచి 69 డిగ్రీలు పైకి చూడాలి. ఇంచుమించు నెత్తిమీదే. పది మీటర్ల దూరంలో డిష్ కన్నా 20 మీటర్లు ఎత్తైన భవనం ఉన్నా అడ్డు రాదు. కింది కక్ష్య డిష్ సంగతి పూర్తిగా వేరు. ఉపగ్రహాలు నేలకు 25 డిగ్రీల పైన ఎక్కడి నుంచైనా రావచ్చు కాబట్టి దానికి ఆకాశంలో పెద్ద గొడుగంత ఖాళీ కావాలి. పది మీటర్ల దూరంలో, డిష్ కన్నా అయిదు మీటర్లు ఎత్తున్న కొబ్బరి చెట్టు చాలు, గాలికి మట్ట ఊగినప్పుడల్లా కాల్ తెగడానికి.

అమెరికాలో ఉండి స్టార్‌లింక్ పెట్టుకునేవారికి ఇంకో మాట. టీవీ డిష్ అలవాటుతో దక్షిణం వైపు చెట్లు చూసుకుంటారు. ఆ అక్షాంశాల దగ్గర స్టార్‌లింక్ డిష్ ఎక్కువగా ఉత్తరానికి వాలుతుంది. ముందు యాప్‌లో అడ్డంకులు చూసే పరికరం తెరిచి, డిష్ పెట్టబోయే చోటే నిలబడి ఆకాశమంతా ఫోన్ తిప్పి స్కాన్ చేయండి. స్తంభం పాతేది ఆ తర్వాతే. ఆకు రాలే చెట్లున్న చోట శిశిరంలో చేసిన స్కాన్ వేసవిలో చెల్లదు.

వాన సంగతికొస్తే, 12 గిగాహెర్ట్జ్ (కేయూ బ్యాండ్) తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు, 30 గిగాహెర్ట్జ్ (కా బ్యాండ్) అయితే ఒక్క సెంటీమీటరే. తరంగం పొట్టిదయ్యేకొద్దీ వాన చినుకులు దాన్ని ఎక్కువ మింగుతాయి. అందుకే ఇంకా పొడుగు తరంగాల పాత సీ బ్యాండ్ జడివానలోనూ నడుస్తుంది, కేయూ బ్యాండ్ తడబడుతుంది, కా బ్యాండ్ అందరికన్నా ముందు కుంగుతుంది. కొత్త మోడెమ్‌లు సిగ్నల్ తగ్గగానే వేగం తగ్గించి, తప్పులు దిద్దుకునే బిట్లు ఎక్కువ చేర్చి లైను నిలబెడతాయి. కాబట్టి వానలో నెట్ నెమ్మదించడం లోపం కాదు. తెగిపోకుండా చేసుకున్న సర్దుబాటు. మీ ఊళ్లో ఎండగా ఉండి నెట్ పోయిందా? గేట్‌వే ఉన్నచోట కుండపోత కావచ్చు. ఏదైనా వాన వెలిసిన అరగంటకు అంకెలు మామూలు కాకపోతేనే డిష్ దగ్గరికి వెళ్లండి, అదీ డిష్ మీద, ముందు మూతి మీద నిలిచిన నీరు మెత్తని గుడ్డతో తుడవడానికే.

భూస్థిర డిష్‌లకు ఏడాదిలో రెండుసార్లు సూర్యుడి గండం ఉంటుంది. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వచ్చి, తన రేడియో చప్పుడుతో సిగ్నల్‌ను ముంచేస్తాడు. తెలుగు నేల అక్షాంశంలో ఇది మార్చి రెండో వారం ప్రాంతంలో, మళ్లీ సెప్టెంబరు చివర–అక్టోబరు మొదట్లో వస్తుంది. 74 డిగ్రీల ఉపగ్రహానికైతే మధ్యాహ్నం పన్నెండున్నర అటూఇటుగా. రోజూ కొన్ని నిమిషాలు, నాలుగైదు రోజులు. ఏమీ చేయనక్కర్లేదు, చేయగలిగిందీ లేదు.

భూస్థిర లైనులో పేజీలు ఎందుకు ఈడుస్తాయి

ఒక వెబ్‌పేజీ తెరవడానికి ముందు చాలా సంభాషణ నడుస్తుంది. పేరుకు అంకె ఏమిటని డీఎన్ఎస్‌ను అడగడం ఒక రాకపోక. సర్వర్‌తో టీసీపీ (డేటాను పద్ధతిగా చేరవేసే నియమావళి) పలకరింపు ఒకటి. తాళాలు మార్చుకునే టీఎల్ఎస్‌కు కొత్త రకంలో ఒకటి, పాతదాంట్లో రెండు. అసలు పేజీ అడగడం ఇంకొకటి. ఒక్కోదానికి 600 మిల్లీసెకన్లు వేసుకుంటే మొదటి అక్షరం రావడానికే రెండున్నర, మూడు సెకన్లు. 40 మిల్లీసెకన్ల లైనులో ఇదంతా సెకనులో అయిదో వంతు.

ఇంకో చిక్కు టీసీపీ స్వభావంలోనే ఉంది. అది సరుకు పంపి రసీదు అందాకే తర్వాతి సరుకు పంపే వ్యాపారి లాంటిది. రసీదు లేకుండా ఒక విడతలో 64 కిలోబైట్లే పంపుతానంటే, 600 మిల్లీసెకన్ల లైనులో ఎంత వెడల్పున్నా ఆ డౌన్‌లోడ్ 0.87 ఎంబీపీఎస్ దాటదు. 25 ఎంబీపీఎస్ నిండాలంటే దాదాపు 1.9 మెగాబైట్లు ఒకేసారి దారిలో ఉండాలి. ఇప్పటి విండోస్, ఆండ్రాయిడ్‌లు ఈ విడతను తమంతట తామే పెంచుకుంటాయి. వీశాట్ మోడెమ్ ఇంకో ఎత్తు వేస్తుంది. అవతలి రసీదు రాకముందే తానే మీ కంప్యూటర్‌కు రసీదు ఇచ్చేసి పని నడిపిస్తుంది.

ఆఫీసు వీపీఎన్ పెట్టగానే లైను చచ్చిపోవడానికి కారణం ఇదే. వీపీఎన్ ప్యాకెట్లన్నిటినీ మూటకట్టి సీలు వేస్తుంది. లోపలేముందో మోడెమ్‌కు కనిపించదు, రసీదుల ఉపాయం పారదు. ఐటీ విభాగాన్ని స్ప్లిట్ టన్నెల్ అడగండి. ఆఫీసు సర్వర్ల ట్రాఫిక్ ఒక్కటే వీపీఎన్‌లో పోయి మిగతాది మామూలుగా పోతుంది. రోజంతా రిమోట్ డెస్క్‌టాప్ మీదే ఉద్యోగమైతే మొహమాటం లేకుండా చెప్పాలి, భూస్థిర లైను దానికి పనికిరాదు. కింది కక్ష్య తీసుకోండి.

డీఎన్ఎస్ గురించి ఒక హెచ్చరిక. నెట్ నెమ్మదిస్తే డీఎన్ఎస్‌ను 8.8.8.8కి మార్చమని ఇంటర్నెట్ నిండా సలహాలుంటాయి. కింది కక్ష్యలో మార్చినా నష్టం లేదు. భూస్థిర మోడెమ్‌లు చాలావరకు పేర్లను తమ దగ్గరే దాచుకుని వెంటనే జవాబిస్తాయి. మార్చారంటే ప్రతి పేరుకూ 600 మిల్లీసెకన్లు చేజేతులా కొనుక్కున్నట్టు.

అప్‌లోడ్ నిండితే అంతా ఆగుతుంది

శాటిలైట్‌లో పైకి వెళ్లే దారి ఇరుకు. ఇంట్లో ఒక ఫోన్ పెళ్లి ఫొటోలన్నీ బ్యాకప్ చేయడం మొదలెడితే ఆ ఇరుకు సందు నిండిపోతుంది. వెనక వచ్చే ప్యాకెట్లు రౌటర్‌లోనో మోడెమ్‌లోనో వరుసలో నిలబడతాయి. మీ డౌన్‌లోడ్ రసీదులూ ఆ వరుసలోనే ఇరుక్కుంటాయి కాబట్టి డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. పరీక్ష సులువు: ఒక తెరలో 8.8.8.8 పింగ్ నడుపుతూ, ఇంకో ఫోన్ నుంచి పెద్ద వీడియో డ్రైవ్‌లోకి ఎక్కించండి. అంకె పది రెట్లు పెరిగితే జబ్బు తేలినట్టే.

మందు రెండు రకాలు. ఫొటోల బ్యాకప్, విండోస్ అప్‌డేట్‌లు రాత్రికి మార్చడం మొదటిది. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా పెడితే పెద్ద అప్‌డేట్‌లు అడక్కుండా దిగవు. డేటా పరిమితి ఉన్న ప్లాన్లకు ఇది తప్పనిసరి. రెండోది, ఈ వరుసలను అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం సదుపాయం ఉన్న రౌటర్ కొని అప్‌లోడ్‌ను అసలు వేగంలో 80–85 శాతానికి కట్టడి చేయడం. భూస్థిర లైనులో వేగం నిలకడగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. కింది కక్ష్యలో వేగం నిమిషానికోలా మారుతుంది. అప్‌లోడ్‌ను మీకు వచ్చే అతి తక్కువ అంకెకు దగ్గరగా కట్టండి, డౌన్‌లోడ్‌ను వదిలేయండి.

సీసీ కెమెరా బయటి నుంచి ఎందుకు తెరుచుకోదు

పొలం దగ్గరో తోటలోనో కెమెరాలు పెట్టి, డీవీఆర్‌కు (కెమెరాల రికార్డర్‌కు) పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి పిలుపును దానికి మళ్లించే సెట్టింగు చేసి, పట్నం నుంచి చూడబోతే ఏమీ రాదు. సెట్టింగులన్నీ సరిగ్గానే ఉంటాయి. చిక్కు కంపెనీ దగ్గరుంది.

ఐపీవీ4లో ఉన్న చిరునామాలే మొత్తం 429 కోట్లు. అవి చాలక, కంపెనీలు వందల ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తాయి. ఒకే చిరునామాను చాలామంది పంచుకునే పద్ధతి నాట్; మీ రౌటర్ ఇంట్లో చేసేదీ అదే. దాన్నే కంపెనీ చేస్తే సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒకే డోర్ నంబరు రాసి, ఫ్లాట్ నంబరు వేయనట్టు. లోపలి నుంచి బయటికి వెళ్లిన ఉత్తరానికి జవాబొస్తే వాచ్‌మన్‌కు ఎవరిదో గుర్తుంటుంది; బయటి నుంచి కొత్తగా వచ్చిన ఉత్తరం ఎవరికివ్వాలో అతనికి తెలియదు. తేల్చుకోవడానికి రౌటర్ పేజీలో వాన్ ఐపీ చూడండి. అది 100.64.0.0 నుంచి 100.127.255.255 మధ్య ఉంటే సీజీనాట్ ఖాయం. 2012లో ఇందుకోసమే పక్కన పెట్టిన అంకెలవి. లేదంటే నా ఐపీ ఎంత అని చెప్పే ఏదైనా వెబ్‌సైట్ చూపే అంకెతో పోల్చండి. రెండూ వేరైతే ఎన్ని పోర్టులు తెరిచినా వృథా.

దారులున్నాయి. కెమెరా తానే కంపెనీ సర్వర్‌ను పిలిచే పీ2పీ రకమైతే సీజీనాట్ అడ్డురాదు. కొనేముందే అది చూసుకోండి. డీవీఆర్ పక్కన ఒక చిన్న కంప్యూటర్ పెట్టి టెయిల్‌స్కేల్ లేదా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ నడిపితే ఇంకా భద్రం. వైర్‌గార్డ్‌కు బయట పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్ ఒకటి కావాలి. డబ్బు పెట్టగలిగితే పబ్లిక్ ఐపీ ఇచ్చే బిజినెస్ ప్లాన్.

నాట్ తెచ్చే ఇంకో చిన్న తలనొప్పి రెండు రౌటర్లది. కంపెనీ రౌటర్ వెనక మీ రౌటర్ పెడితే రెండూ 192.168.1.1 అనే పేరే పెట్టుకుని కొట్టుకుంటాయి. మీదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. అది కుదరకపోతే దాని లోపలి చిరునామాను 192.168.50.1 చేయండి.

కరెంటు, చట్టం

కింది కక్ష్య డిష్ సగటున 75 వాట్లు తాగుతుందనుకుంటే రోజుకు 1.8 యూనిట్లు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని సగం వరకే వాడుకుంటే, ఇన్వర్టర్ నష్టాలు పోగా ఎనిమిది తొమ్మిది గంటలు నడుస్తుంది. అంతకన్నా ముఖ్యం, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణం. ఆ రెప్పపాటుకే డిష్ రీస్టార్ట్ అయి ఉపగ్రహాలను వెతుక్కోవడానికి నిమిషాలు తీసుకుంటుంది. మధ్యలో ఒక చిన్న యూపీఎస్ పెడితే తీరిపోతుంది. డిష్ స్తంభానికి ఎర్తింగ్ మాత్రం మరవొద్దు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కొన్న డిష్‌ను పెట్టెలో వేసుకుని ఊరికి తేవాలని ఆశపడేవారికి: తేవొద్దు. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు టెలికం శాఖ జీఎంపీసీఎస్ (ఉపగ్రహ కమ్యూనికేషన్ సేవల) లైసెన్సు ఇచ్చింది, అంతకుముందే వన్‌వెబ్‌కు, జియో–ఎస్ఈఎస్‌కు వచ్చింది. కానీ కంపెనీకి లైసెన్సు రావడం వేరు, విదేశీ ఖాతాతో ఉన్న ప్రసార పరికరం ఇక్కడ పెట్టుకోవడం వేరు. అనుమతి లేని వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేముందు

ఇంత చేసినా మూడో అంచెలోనే తప్పు తేలితే కంపెనీని పిలవాలి. నెట్ రావడం లేదు అంటే వాళ్లు చెప్పేది ఒకటే, ఆఫ్ చేసి ఆన్ చేయండి. బదులుగా ఇవి చేతిలో పెట్టుకోండి: తేదీ, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా, కేబుల్ మీద చేసిన పరీక్షలో రౌటర్‌కు, డిష్‌కు, 8.8.8.8కి 300 పింగ్‌ల ఫలితం. మోడెమ్ పేజీలో సిగ్నల్ అంకె, బాగున్న రోజు కాగితం మీద రాసుకున్న అంకె. అప్పుడు వాన పడుతోందా లేదా. యాప్‌లో అడ్డంకుల తెర ఫొటో. రౌటర్ 1, డిష్ 2, బయటికి వెళ్లినవాటిలో 300కి 41 పోయాయి, ఎండగానే ఉంది, సిగ్నల్ మామూలుకన్నా తక్కువ అని చెప్పగలిగితే, అవతలి మనిషి మిమ్మల్ని మొదటి మెట్టు దగ్గర నిలబెట్టకుండా నేరుగా టెక్నీషియన్‌ను పంపే మాట మాట్లాడతాడు.